చదివింపుల్లో పోయిన నీళ్లు

మా ఊరి నీళ్ల యాప్‌లో ఒక నిబంధన ఉంది. ‘శుభకార్యాల్లో ఎవరూ ఎవరికీ తడి చదివించకూడదు, ఎళ్లమాస నాడు తప్ప.’ దీనికి ఊరంతా ఓటు వేసింది. దాన్ని రాసుకున్న ప్రాజెక్టు అమ్మాయి మాత్రం బెంగుళూరులో తన పైవాళ్లకు అర్థం చెప్పలేక నాకు ఫోన్ చేసింది. “మేడం, పెళ్లికీ నీటి వాటాకీ ఏం సంబంధమని అడుగుతున్నారు” అంది. నాకు నవ్వాగలేదు. అది ఫోన్‌లో చెప్పే కథ కాదు, వాళ్లే మా ఊరికొచ్చి పీట మీద కూర్చుని వినాల్సిన కథ అన్నాను.

నేను ఎమ్మిగనూరులో పంతులమ్మను. ఉండేది గోనెగండ్ల దగ్గరి పల్లెలో. మేనరికం కాబట్టి నేను పుట్టిందీ మెట్టిందీ ఒకటే ఊరు, ఒకటే వీధి. మా అన్న ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక గోడ. ఆ గోడ మీదుగా మా వదినా నేనూ ఇచ్చి పుచ్చుకోని కూర లేదు, అనుకోని మాట లేదు.

మాది నల్లరేగడి. వాన పడితే బంగారం, పడకపోతే పగుళ్లు. ఊరికి మూడు ఉమ్మడి బోర్లున్నాయి. చేను ఒకసారి నిండుగా తడిస్తే దాన్ని మేము ఒక తడి అంటాం. ఎవరి తడి ఎప్పుడన్నదాని మీద మా ఊళ్లో తెగిన చుట్టరికాలు, విరిగిన పైపులు చాలానే ఉన్నాయి. అప్పుడు ఒక సంస్థ వాళ్లు వచ్చి బోర్లకు సోలారు పలకలు బిగించి, మోటారు పక్కన ఒక పెట్టె పెట్టి, నీళ్లను టోకెన్లుగా మార్చారు. ఒక టోకెన్ అంటే ఒక తడి. ఉగాదికి ఉగాదికి ప్రతి ఇంటికీ పొలాన్నిబట్టి పంచుతారు. పెట్టె ముందు ఫోన్ పెడితే ఆ ఇంటివాళ్ల చేనికి వాల్వు తెరుచుకుంటుంది. ఫోన్ లేనివాళ్లకు ఒక కార్డు ఇచ్చారు. నీళ్ల గురించి ఏం తేల్చాలన్నా ఓట్లే, చేతిలో ఎన్ని తడులుంటే అన్ని ఓట్లు.

ఈ సంగతంతా మా ఊరి బడి వరండాలో వివరించింది ఆ ప్రాజెక్టు అమ్మాయే. విజయవాడ వైపు పిల్ల, ఓపిక చాలా ఎక్కువ. “దీన్ని బ్లాక్‌చైన్ అంటారు. లెక్క ఒక్కరి దగ్గర ఉండదు, అందరి ఫోన్లలోనూ అదే లెక్క ఉంటుంది. ఒకసారి ఎక్కిందంటే ఎవరూ చెరపలేరు” అంది. జనం బిక్కమొహం వేశారు. ముందు వరుసలో ఉన్న మా అన్న మాత్రం తొడ మీద చరుచుకున్నాడు.

“అట్ల సెప్పు తల్లీ! మా సదివింపుల మైకు మాదిరన్న మాట. మైకులో ఒకసారి సదివినాంక ఊరంతా ఇనింటాది. ఇయ్యలేదంటే కుదర్దు, తీసుకోలేదన్నా కుదర్దు.”

అందరికీ ఒక్కసారిగా బోధపడిపోయింది. మా వైపు పెళ్లిలో ఎవరు ఏం పెట్టారో మైకులో చదువుతారు. ఊరి పేరు, ఇంటి పేరు, పెట్టిన వస్తువు. రేపు వాళ్లింట్లో శుభకార్యం జరిగితే మనం అదే వస్తువు, దానికి ఇంకొకటి కలిపి, తిరిగి చదివించాలి. అది మర్యాద. ప్రాజెక్టు అమ్మాయి సంతోషంగా “ఎగ్జాక్ట్లీ అంకుల్” అంది. పాపం, తాను దేనికి ఒప్పుకుందో ఆ పిల్లకు తెలియదు.

శ్రావణంలో మా అన్న కూతురి పెళ్లయింది. వరుడిది ఆదోని. ఆ ఏడు వానలు మొదట్లో బాగా పడ్డాయి కాబట్టి బోర్ల జోలికి ఎవరూ పోలేదు. అందరి తడులూ ఫోన్లలో నిద్రపోతున్నాయి. చదివింపుల మైకు నా చేతికిచ్చారు. మూడో తరగతి పిల్లల మీద సానపట్టిన గొంతు నాది, మైకు లేకపోయినా పక్క ఊరికి వినబడుతుంది. స్టీలు బిందెలు చదివాను, మిక్సీలు చదివాను, గోడ గడియారాలైతే చదివీ చదివీ విసుగొచ్చింది. కొత్త కాపురానికి అన్ని గడియారాలు ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

అప్పుడొచ్చాడు మా పెద్దమామ. ఆదోనిలో కొన్న ఇత్తడి బిందెను బస్సులోనే మరిచిపోయి దిగాడట. ఉత్త చేతులతో పందిట్లోకి వచ్చినందుకు మొహం చిన్నబుచ్చుకుని, ఏదో తోచినట్టుగా జేబులోంచి ఫోన్ తీసి ఎత్తి పట్టుకున్నాడు.

“సదువు పాపా! నా తరపున పెండ్లికూతురికి రెండు తడులు!”

చదివాను. పందిరంతా చప్పట్లు. ఇంక చూడాలి. పెద్దమామ రెండిస్తే నేను మూడివ్వలేనా అని ఒకాయన లేచాడు. ఆయన బామ్మర్ది నాలుగన్నాడు. తెచ్చిన గడియారాన్ని చంకలో దాచుకుని తడులు చదివించినవాళ్లూ ఉన్నారు. ఫోన్లన్నీ ఖాళీ అయ్యేదాకా మా అన్న ఫోన్ ముందు వరుస కట్టాయి. నేను అరుస్తున్నాను, జనం ఈలలు వేస్తున్నారు. అంత ఉషారైన చదివింపులు మా ఊళ్లో ముందెప్పుడూ జరగలేదు.

చివర్లో హాలహర్వి అవ్వ వచ్చింది. ఆమె మా వీధి చివరింట్లో ఉంటుంది. హాలహర్వి నుంచి కోడలుగా వచ్చింది కాబట్టి ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తారు. మాటలో సగం కన్నడం ఉంటుంది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు కలగలేదు. మా వదిన చేను పనికి పోతే పెళ్లికూతురిని చిన్నప్పుడు చూసుకున్నది ఈ అవ్వే. ఆమెకున్నది ఒక చిన్న జొన్న చేను. దాంట్లో పండిందే ఏడాదంతా రొట్టె. వక్కాకు సంచిలోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

“దీంట్లో ఎన్నుంటే అన్నీ సదివెయ్ పాపా.”

“అన్నీనా అవ్వా? నీ చేనికి?”

“నా మనవరాలి కంటే చేను ఎక్కువనా నాకు? సదువు, గట్టిగా సదువు.”

గట్టిగానే చదివాను. మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పూట మాకు ఎవరికీ చేలు గుర్తు లేవు.

ఆదోనికి తిరిగి పోయాక కూడా వియ్యాలవారు తలుచుకుని పడీ పడీ నవ్వారట. “ఆ నీల్లకు ఒక పైపేసి మా ఇంటికి తోలండప్పా, మాకు కొళాయి ఎప్పుడొస్తాదో దేవునికే ఎరుక” అని వియ్యంకుడు ఫోన్ చేశాడు.

దసరా దాటాక వాన మొహం చాటేసింది. జొన్నా, శనగా మొలిచి నిలబడ్డాయి, పైన మబ్బు లేదు. జనం బోర్ల దగ్గరికి పోయి ఫోన్లు పెడితే పెట్టె ఎర్రదీపం చూపించింది. ఊరి నీళ్లన్నీ మా అన్న ఫోన్‌లో ఉన్నాయి. ఆ ఫోన్ పెడితే మా అన్న చేనికి తప్ప ఇంకెవరి చేనికీ వాల్వు తెరుచుకోదు. ఆయన సిగ్గుపడి తన చేనికి కూడా నీళ్లు పెట్టుకోలేదు. వీధిలో కనబడితే చాలు, “ఏమప్పా గంగాధరా!” అని ఆటపట్టించేవాళ్లు. శివుడి జడలో గంగ ఇరుక్కున్నట్టు ఆయన జేబులో బోర్లు ఇరుక్కున్నాయి.

నిబంధన ప్రకారం సమావేశం పెట్టారు. ఓట్లన్నీ కూడా ఒక్కడివే. ప్రాజెక్టు అమ్మాయి “ఈ తీర్మానానికి అనుకూలమైనవాళ్లు?” అంటే మా అన్న ఒక్కడే చెయ్యెత్తాడు. “వ్యతిరేకం?” అంటే ఆయనే అటూ ఇటూ చూశాడు. వెనకనుంచి ఎవరో “నిన్ను నువ్వే తిట్టుకోప్పా, మాకు ఇనేకి బాగుంటాది” అన్నారు. సమావేశం నవ్వుల్లో కొట్టుకుపోయింది.

“అంకుల్, ఒక్క బటన్ నొక్కితే ఎవరివి వాళ్లకు వెళ్లిపోతాయి కదా” అంది ఆ అమ్మాయి. నిజమే, యాప్‌కు అందులో ఇబ్బంది లేదు. ఇబ్బంది మా వదినతో వచ్చింది.

“పిల్ల కాపరానికి పోయి నాలుగు నాల్లు కాలేదు. పెండ్లిలో సదివించింది ఎనక్కి ఇచ్చేదా? అచ్చింతలు ఎనక్కి ఏరుకున్నట్లు కాదా అది? నా కడుపున పుట్టిందాని మంచి సెడ్డ నేను సూసుకోవద్దా?”

సరే, వదినకు తెలియకుండా మా అన్న తన అవతలి పక్కింటాయనకు తిరిగి పంపబోయాడు. ఆయన మా వదిన కంటే ఎక్కువ మండిపడ్డాడు. “మా సదివింపు మీకు తక్కువైనాదా? మేము పెట్టింది మీ గడపలో ఇమడలేదా?” అని నాలుగు రోజులు మాట మానేశాడు. ఒక పక్క ఆయన శనగ వాడిపోతోంది, ఇంకో పక్క రోషం వాడడం లేదు. ఇద్దరినీ చూసి నాకు ఒళ్లు మండింది. చదువుకున్నదాన్ని కదా అని ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ వినలేదు.

దారి కనిపెట్టింది మళ్లీ మా వదినే. గోడ మీదుగా చింతాకు పప్పు గిన్నె అందిస్తూ తేల్చి పారేసింది. “ఉత్తనే ఎట్ల ఇస్తాం? వాల్ల ఇండ్లల్లో ఏదన్నా శుభకార్యం పెట్టుకోమను. మేమొచ్చి సదివిస్తాం. ఒకటి కలిపే సదివిస్తాం.”

అంతే. కార్తీకంలో మా ఊళ్లో మొదలైనన్ని శుభకార్యాలు ఏ పంచాంగంలోనూ ఉండవు. ఎప్పటినుంచో వాయిదా పడుతున్న చెవులు కుట్టడాలు జరిగాయి. పుట్టెంట్రుకలు తీయించాలని మూడు కుటుంబాలు ఒకే బస్సులో ఉరుకుంద ఈరన్న గుడికి పోయి మూడు నున్నటి గుండ్లతో తిరిగొచ్చాయి. శుభకార్యానికి పిల్లలెవరూ లేని పక్కింటాయన తన పాత మోటారుసైకిలుకు కొత్త సీటు వేయించి దానికి పూజ పెట్టాడు. పెద్దమామ తన షష్టిపూర్తి మళ్లీ చేసుకున్నాడు. “పోయిన సారి సరిగ్గా కుదర్లేదు పాపా” అన్నాడు నాతో. ప్రతి ఇంటా ఓళిగలు, లేదంటే ఉగ్గాని బజ్జీ. మైకు నా చేతిలోనే. మా అన్నా వదినా పీటల దాకా పోయి, బొట్టు పెట్టి, ఫోన్ నొక్కి, ఒకటి కలిపి చదివించేవాళ్లు. ఊరి చేలు మెల్లమెల్లగా పచ్చబడ్డాయి. మేము మాత్రం తిని తిని లావెక్కాము.

మార్గశిరంలో ఒకనాడు బడినుంచి వస్తుంటే హాలహర్వి అవ్వ తన చేని గట్టు మీద కూర్చుని కనిపించింది. ఆటో దిగి పోయాను. జొన్న పొట్ట మీద ఉంది. అంటే కంకి ఆకు గొట్టంలోనే ఉంది, బయటికి రావాలి. ఆకులు చుట్టుకుపోయాయి. ఇప్పుడొక తడి పడితే కంకి వస్తుంది. లేకపోతే మిగిలేది చొప్పే.

“అవ్వా, నీ తడులు నీకు రాలేదా?”

“నాకేం పంక్షను ఉంది పాపా?” అని నవ్వింది. “బిడ్డలా, మనవల్లా? ఇంగ నా దినాలే మిగిల్నాయి. అప్పుడు సదివించండి, ఒకటి కలిపి.”

ఊరు ఊరంతా గుండ్లు కొట్టించుకుని, సీట్లకు పూజలు చేసుకుంటుంటే, అన్నింటికీ వచ్చి ఆశీర్వదించి పోయిన ఈ మనిషి గురించి ఒక్కరం ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. నేరుగా మా అన్న ఇంటికి పోయి, ఏ శుభకార్యమూ లేకపోయినా సరే అవ్వవి అవ్వకు ఇచ్చేయమన్నాను. ఆయన ఫోన్ తీశాడు. చూశాడు. మళ్లీ చూశాడు. ఫోన్ ఖాళీ.

ప్రతి ఇంటికీ ఒకటి కలుపుతూ పోయారు కదా. ముందు తమ సొంత తడులు అయిపోయాయి, ఆ తర్వాత అవ్వవి కూడా తెలియకుండానే కరిగిపోయాయి. మా అన్న తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. మా వదిన వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“అవ్వ ఎన్నటికీ మనల్ని అడగదు” అంది. “అడిగే మనిసయితే బాగుండు.”

అప్పుడు నాకు గట్టు మీద అవ్వ చెప్పిన ఇంకొక మాట గుర్తొచ్చింది. వచ్చే అమావాస్యకు చేనికి రమ్మంది, కడుబులు తిందువు గానీ అని. హాలహర్వి వైపు, ఆ పైన కన్నడ సీమలో, మార్గశిరం చివర వచ్చే అమావాస్యను ఎళ్లమాస అంటారు. అప్పటికి పైరు పొట్ట మీద ఉంటుంది కాబట్టి భూమి కడుపుతో ఉన్నట్టు లెక్క. ఇంటిల్లిపాదీ వంటలు చేసుకుని చేనికి పోయి, భూమికి ఆకుపచ్చ రవికె గుడ్డ, గాజులు పెట్టి, కడుపుతో ఉన్న ఆడమనిషికి పెట్టినట్టే ఆమె కోరినవన్నీ పెట్టి, తరవాత అన్నాన్ని చేనంతా చల్లుతారు. మా ఊళ్లో ఆ ఆచారం లేదు. అవ్వ ఒక్కతే ఏటా గంప నెత్తిన పెట్టుకుని పోయి చేసుకునేది. మేము దాన్ని ‘అవ్వ వనభోజనం’ అని ఎగతాళి చేసేవాళ్లం.

“వదినా, సీమంతం శుభకార్యమేనా?” అని అడిగాను.

“అదేం మాట? సీమంతం కంటే శుభకార్యమేముంది?”

ఎళ్లమాస సంగతి చెప్పాను. మా వదిన వెంటనే చెప్పులేసుకుని వీధిలోకి పోయింది. ప్రతి గడపకూ పోయి ఒకటే మాట: మీకు మేము కలిపిన ఆ ఒకటీ ఎవరిదో తెలుసా?

గాజులు తేవడం నా పని. ఎమ్మిగనూరు బజారులో గాజులమ్మే ముసలి సాయిబు “సీమంతమా తల్లీ? ఎన్నో నెల?” అని అడిగాడు. “జొన్న చేనికి సీమంతం బాబాయ్, పొట్ట మీద ఉంది” అన్నాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, “అట్లయితే పచ్చవే తీస్కపో, మట్టికి పచ్చ ఖుషీగా ఉంటాది” అని ఏరి కట్టిచ్చాడు. లెక్కకు పైన ఒక జత కూడా వేశాడు.

అమావాస్య నాడు అవ్వ ఎప్పటిలాగే గంప ఎత్తుకుని చేనికి వచ్చేసరికి ఊరంతా గట్టు మీద ఉంది. పెద్దమామ ఉన్నాడు, కొత్త సీటు మోటారుసైకిలు ఉంది, మూడు గుండ్లూ ఉన్నాయి. ఆదోని నుంచి పెళ్లికూతురు మొగుడితో సహా దిగింది. ప్రాజెక్టు అమ్మాయి కూడా ఫోటోల కోసం వచ్చింది. అవ్వ గంప దించడం మరిచిపోయి నిలబడిపోయింది.

“ఏమాయె? ఎవురికేమాయె?” అంది కంగారుగా.

“ఏమీ కాలేదు. నీ ఇంట్లో పంక్షను అవ్వా” అన్నాడు మా అన్న, గంప అందుకుంటూ.

చేని నడుమ నాలుగు జొన్న దంట్లు కలిపి కట్టి, కింద రాళ్లకు సున్నం పూసి, రవికె గుడ్డ పరిచింది అవ్వ. ఆవిరి మీద ఉడికించిన సజ్జ కడుబులు, తాను పుండిపల్లె అని పిలిచే గోంగూర, జొన్న అంబలి వడ్డించింది. మా వదిన పచ్చగాజులు జొన్న దంట్లకు తొడిగింది. ఒక జత మిగిలింది. దాన్ని తీసుకుని అవ్వ చెయ్యి పట్టుకుంది. అవ్వ చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

“నాకెందుకు తల్లీ. మొగుడు పోయినదాన్ని. తప్పు.”

నేను వదిన వైపే చూస్తున్నాను. అక్షింతలు వెనక్కి ఏరుకోకూడదని ఊరి నీళ్లన్నీ ఆపేసిన మనిషి. ఆమె మళ్లీ ఆ చెయ్యి పట్టుకుంది. “సీమంతానికి పుట్టింటోల్లు గాజులు పెట్టల్ల. నీకు పుట్టింటోల్లు లేకపోతే మేము లేమా? పట్టు” అని నెమ్మదిగా, ఆ మణికట్టు నొవ్వకుండా తొడిగింది. అవ్వ ఏడవలేదు. గాజుల వైపే చూస్తూ చెయ్యి అటూ ఇటూ తిప్పి, వాటి చప్పుడు విన్నది. నేను మాత్రం ముక్కు తుడుచుకోవడానికి పక్కకు తిరగాల్సి వచ్చింది.

తరవాత మైకు. బ్యాటరీ పెట్టెతో సహా మోటారుసైకిలు మీద తెచ్చారు. మొదట మా అన్న వచ్చాడు. ఆయన దగ్గర చదివించడానికి ఏమీ లేదు, అందుకని పెళ్లిలో వచ్చిన గోడ గడియారాల్లో ఒకటి పట్టుకొచ్చాడు. అందరూ గొల్లుమన్నారు. ఆయన వెనక పెద్దమామ ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, పెద్దమామ వెనక పక్కింటాయన, ఆయన వెనక మిగతా ఊరు. ఒక్కొక్కరు ఒక్కొక్క తడి. నేను మైకు సరిచేసుకుని గొంతు సవరించుకున్నాను. అవ్వ జీవితమంతా అందరి పెళ్లిళ్లలోనూ చదివించిందే గానీ, తనకంటూ మైకులో చదివిన చదివింపు ఇంతవరకూ ఒక్కటీ లేదు. అది నాకు అప్పుడే తట్టింది.

“సదవనా అవ్వా?” అన్నాను.

కొత్త గాజులు ఘల్లుమనేలా అవ్వ కొంగు నెత్తి మీదికి సర్దుకుని, పడమటి దిక్కు చూసి, చెయ్యి చాచి చూపించింది.

“మైకు అట్ల తిప్పి సదువు పాపా. హాలహర్వికి ఇనపడల్ల.”